సంఘం ఖాతాలో ఉన్నదంతా ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు

బ్రదర్, వందనాలు.

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. సుమారు 120 మంది ఉన్న చర్చి సంఘానికి మిమ్మల్ని కొత్తగా ట్రెజరర్‌ని చేశారు. కానుకలు ఫర్వాలేదనేలా వస్తున్నాయి, అయినా నెలాఖరుకి పాస్టర్ గారి జీతానికి వెతుక్కోవాల్సి వస్తోంది. పోయిన నెల బిల్డింగ్ ఫండ్‌లోంచి తీసి ఇచ్చారు. పాత లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో ఉన్నాయి, వాటి గురించి గట్టిగా అడిగితే "మమ్మల్ని అనుమానిస్తున్నావా" అంటారేమోనని మీ భయం. చివర్లో, కానుకలు పెరగాలంటే ఏం చేయాలో చెప్పమన్నారు.

కానుకలు పెంచే సంగతి పక్కన పెట్టండి. మీ ఉత్తరం చదివితే మీ సంఘానికి డబ్బు తక్కువైనట్టు నాకు అనిపించలేదు. ఉన్న డబ్బులో ఏది దేనికిచ్చారో ఎవరికీ తెలియకుండా పోయింది, అసలు జబ్బు అది. జబ్బు అలా ఉండగానే కానుకలు పెరిగితే అయోమయం కూడా వాటితో పాటే పెరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు.

నేను 14 ఏళ్లు ట్రెజరర్‌గా చేశాను, ఆ తర్వాత వేరే సంఘాలు పిలిస్తే వెళ్లి పుస్తకాలు సర్దిపెట్టాను. కాబట్టి ఇందులో చాలా తప్పులు నేనే చేసి ఉన్నాను. మొదటి సంవత్సరం చేసిన ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కానుక సంచి బల్ల మీద కుమ్మరించాం. మడతలు పడ్డ నోట్లు, చిల్లర, కొన్ని కవర్లు. ఒక పాత కవరు మీద పెన్సిల్‌తో, వణికే చేత్తో, "పైకప్పు పనికి" అని రాసి ఉంది. నేను కవరు చింపి, నోట్లు తీసి మిగతా వాటిలో కలిపి లెక్కపెట్టి, కవర్లన్నీ పోగేసి చెత్తబుట్టలో వేశాను. పుస్తకంలో ఆ రోజు మొత్తం ఒక్క అంకెగా రాశాను, పైసా తేడా లేదు. నాలుగైదు నెలల తర్వాత వాన పడి బల్లల మీద నీళ్లు కారుతుంటే ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "బాబూ, పైకప్పు పని ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగింది. ఆవిడేమీ నిలదీయలేదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ డబ్బు అప్పటికే కరెంటు బిల్లుల్లో పోయింది. దొంగతనం ఎవరూ చేయలేదు, కూడికలు అన్నీ సరిపోయాయి, కానీ ఆవిడ కవరు మీద రాసిన మాట మాత్రం చెత్తబుట్టలోకి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నాకు ఒక్కటే లెక్క: కానుక ఎన్ని చేతులు మారినా "ఇది దేనికిచ్చారు" అన్న ముక్క చెరిగిపోకూడదు.

అందుకని మీరు ముందు చేయాల్సింది, ఖాతాలో ఈ రోజు ఉన్న మొత్తాన్ని ఒక కాగితం మీద వేసి ముక్కలు చేయడం. ఉదాహరణకి ఖాతాలో 100 ఉందనుకోండి. అందులో బిల్డింగ్ కోసం వచ్చింది 55, పేదల సహాయానికి 10, యౌవనస్థుల కూడికల కోసం ఎవరో ప్రత్యేకంగా ఇచ్చింది 8, ఇంకా కట్టని బిల్లులు 12. అవన్నీ తీసేస్తే మిగిలేది 15. అంటే మీ సంఘం నెల ఖర్చులకి నిజంగా వాడుకోగలిగింది ఆ 15 మాత్రమే. కమిటీలో అందరూ పాస్‌బుక్ చూసి 100 ఉందనుకుంటూ ఉంటారు, ఆ నమ్మకంతోనే కొత్త మైకులకి ఆర్డరిస్తారు. నేను చూసిన సంఘాల్లో సగం గొడవలు ఈ 100కీ 15కీ మధ్య ఉన్న తేడాలోంచి పుట్టినవే.

దీనికోసం ఒక్కో నిధికి ఒక్కో బ్యాంకు ఖాతా తెరవక్కర్లేదు (బిల్డింగ్ ఫండ్ పెద్దదైతే దానికి విడిగా ఒకటి ఉంటే మంచిదే). పుస్తకంలో గళ్లు వేరు చేస్తే చాలు: సాధారణ నిధి, బిల్డింగ్, సహాయం, ఇతరాలు. ప్రతి కానుకా ఏదో ఒక గడిలో పడాలి, ప్రతి ఖర్చూ ఏదో ఒక గడిలోంచే పోవాలి. నెలాఖరులో అన్ని గళ్ల మొత్తం కలిపితే బ్యాంకు స్టేట్‌మెంటు, చేతిలో ఉన్న నగదు కలిపిన అంకెతో సరిపోవాలి. మీరు రాసిచ్చినా బ్యాంకులోంచి ఇంకా పోని చెక్కులుంటే వాటిని బ్యాంకు అంకెలోంచి తీసేసి చూసుకోండి, లేకపోతే అనవసరంగా తల పట్టుకుంటారు.

ఇక బిల్డింగ్ ఫండ్‌లోంచి జీతం ఇచ్చిన సంగతి. జరిగిపోయింది కాబట్టి దాన్ని దాచకండి. "సాధారణ నిధి బిల్డింగ్ నిధికి ఇంత బాకీ" అని రాసి, కమిటీ మినిట్స్‌లో తీర్మానంగా ఎక్కించి, ఏ నెలలో ఎంత తిరిగి వేస్తారో కూడా రాయించండి. రెండు నిధుల మధ్య చేబదులు తప్పనిసరి అయితే అర్థం చేసుకోవచ్చు, కానీ రాతకోతలు లేని చేబదులు మూడోసారికి అలవాటైపోతుంది. చాలా చోట్ల ఒక ప్రత్యేక పని కోసం వసూలు చేసిన డబ్బుని వేరే పనికి వాడటం చట్టం ముందు కూడా తప్పే అవుతుంది, ఇచ్చినవాళ్లు అడగకపోయినంత మాత్రాన ఒప్పైపోదు.

ఒక పక్కమాట. ప్రత్యేక కానుకలన్నీ తీసుకోవాలని రూలేం లేదు. ఎవరో పెద్ద వాద్యం కొనిస్తామంటారు, దాన్ని వాయించేవాళ్లు లేరు, పెట్టే చోటు లేదు, రిపేరు ఖర్చు సంఘం మీద పడుతుంది. "మీ ప్రేమకి వందనాలు, ఇప్పుడు మాకు అవసరం ఇది, దీనికిస్తారా" అని అడగొచ్చు. నేను ఒకటి రెండు సార్లు అడిగాను, ఎవరూ బాధపడలేదు.

ఇప్పుడు లెక్కపెట్టే బల్ల దగ్గరకి వద్దాం, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది. కానుకలు ఒక్కరే ఎప్పుడూ లెక్కపెట్టకూడదు. ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ భార్యాభర్తలో అన్నదమ్ములో కాకూడదు, వీలైతే ప్రతి నెలా మారాలి. సంచి తెరిచింది మొదలు అంకె రాసే దాకా ఇద్దరూ బల్ల దగ్గరే ఉండాలి. ఒక కాగితం మీద నోట్లు విలువ వారీగా ఎన్ని, చిల్లర ఎంత, కవర్ల మీద ఏం రాసుంది, అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. కవర్లని ఆ కాగితానికే పిన్ను కొట్టండి, పారేయొద్దు. డబ్బు ఎవరి ఇంటికీ వెళ్లకుండా వీలైనంత త్వరగా బ్యాంకులో పడాలి. వచ్చిన నగదులోంచి అక్కడికక్కడే తీసి డ్రైవర్‌కో, పువ్వులవాళ్లకో ఇచ్చేసి మిగిలింది మాత్రం జమ చేసే అలవాటుంటే ఈ ఆదివారమే ఆపేయండి. వచ్చింది వచ్చినట్టు జమ కావాలి, ఖర్చు వేరేగా వోచర్ (ఖర్చు వివరం రాసి సంతకం పెట్టిన చీటీ) మీద పోవాలి. లేదంటే రెండూ పుస్తకంలో కనపడకుండా పోతాయి.

మీరు ట్రెజరర్ కదా, మీరు లెక్కపెట్టొద్దు. వినడానికి వింతగా ఉంటుంది. లెక్కపెట్టేవాళ్లు ఒకరు, పుస్తకం రాసేవాళ్లు ఒకరు, ఖర్చుకి ఒప్పుకునేవాళ్లు ఇంకొకరు అయితే, తప్పు జరగాలంటే ముగ్గురూ కలవాలి. చిన్న సంఘంలో అంతమంది ఎక్కడ దొరుకుతారంటారా? కనీసం బ్యాంకు స్టేట్‌మెంటు మీకు కాకుండా వేరే పెద్దకి నేరుగా వెళ్లేలా చేయండి, ఆయన నెలకోసారి మీ పుస్తకం పక్కన పెట్టుకుని పావుగంట చూస్తే చాలు. చెక్కుల మీద రెండు సంతకాలు ఉండాలి, ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం పెట్టి ఇచ్చేయడం మాత్రం ఎంత తొందరలోనూ వద్దు. అలా పెట్టే పెద్దలు ఎంతమందో నేను చెప్తే నమ్మరు.

దీనికి ఎవరో ఒకరు తప్పకుండా "మనం దేవుని ఇంట్లో ఇలా ఒకరినొకరు నమ్మకపోతే ఎలా" అంటారు. నాతోనూ అన్నారు. పైగా రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో ఆలయం బాగుచేయించినవాళ్లు నమ్మకస్తులు కాబట్టి వాళ్లని లెక్క అడగలేదని ఉంది కదా అని వచనం చూపిస్తారు. నిజమే, 15వ వచనంలో ఉంది. కానీ అదే అధ్యాయం కొంచెం పైనుంచి చదవమనండి. యోవాషు రాజు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా యాజకులు శిథిలమైన చోట్లు బాగుచేయలేదు, డబ్బు వస్తూనే ఉంది, పని కాలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి కంత పెట్టించి బలిపీఠం పక్కన ఉంచాడు. పెట్టె నిండితే రాజు తరఫు మనిషీ, ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఆ ఏర్పాటంతా జరిగాకే నమ్మకం మాట వచ్చింది. ఎజ్రా అయితే ఇంకా పట్టుదల మనిషి, బబులోను నుంచి బయల్దేరేటప్పుడు ఆలయానికి చెందాల్సిన వెండి బంగారాలు తూచి 12 మంది యాజకుల చేతుల్లో పెట్టి, యెరూషలేము చేరాక మళ్లీ తూయించి ఆ బరువంతా రాయించాడు. వాళ్లు దొంగలని కాదు కదా. పౌలు కూడా పెద్ద చందా తీసుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ తప్పు మోపకూడదని పక్కన ఇంకొందరిని పెట్టుకున్నాడు, 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో చూడండి. ఇక పన్నెండుమంది శిష్యుల డబ్బు సంచి ఒక్క ఇస్కరియోతు యూదా దగ్గరే ఉన్నప్పుడు అతను అందులోంచి దొంగిలించేవాడని యోహాను 12వ అధ్యాయంలో ఉంది.

నేనైతే ఇలా చెప్పేవాణ్ణి: "ఈ రెండో సంతకం నన్ను కాపాడటానికి. రేపు ఎవరైనా నన్ను వేలెత్తి చూపితే, నా పక్కన ఉన్నాయన చెప్తాడు." మీ గురించి మీరే అడుగుతున్నట్టు చెబితే పాతవాళ్లకి ముల్లు గుచ్చుకోదు.

ఫోన్‌లో వచ్చే కానుకల గురించి ఒక్కమాట. గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకి వెళ్తోందో ఈ రోజే చూడండి. పాస్టర్ గారిదో ట్రెజరర్‌దో సొంత ఖాతా అయితే వెంటనే తీసేసి సంఘం పేరుతో ఉన్న ఖాతాది పెట్టండి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, సొంత డబ్బూ సంఘం డబ్బూ ఒక ఖాతాలో కలిస్తే రేపు పన్నుల వాళ్లు అడిగినా, ఆయనకే ఏదైనా జరిగినా ఎవరు తేలుస్తారు?

పాస్టర్ గారి జీతం. నెల చివర్లో మిగిలింది ఇవ్వడం కాదు, నెల మొదట్లో పక్కన పెట్టాల్సిన డబ్బు అది. చాలా సంఘాలు ఆయన జీతాన్ని కుషన్‌లా వాడుకుంటాయి, కానుకలు తగ్గితే ఆయన సర్దుకుంటారులే అని. ఆయన సర్దుకుంటారు, నోరెత్తరు, ఇంట్లో అప్పు చేస్తారు. తర్వాత ఎప్పుడో సంఘం డబ్బు విషయంలో ఆయన వైపు నుంచి ఒక చిన్న తప్పు జరిగితే అప్పుడు అందరం ఆశ్చర్యపోతాం. అదే సమయంలో ఆయన చెక్కుల మీద సంతకం పెట్టకపోవడం ఆయనకే మంచిది. సొంత జేబులోంచి సంఘం పనికి ఖర్చు పెడితే బిల్లు ఇచ్చి తీసుకోవాలి, బిల్లు లేకపోతే కనీసం తేదీ, పని, మొత్తం రాసి సంతకం పెట్టిన వోచర్ ఉండాలి. ఎవరు ఎంత ఇస్తున్నారో పాస్టర్‌కి తెలియాలా వద్దా అన్నది పెద్ద చర్చ. నా అభిప్రాయం తెలియకపోతేనే నయం. మనిషి కదా, తెలిస్తే ఎక్కువిచ్చే ఇంటికి కాళ్లు వాటంతటవే వెళ్తాయి.

బడ్జెట్ వేసేటప్పుడు క్రిస్మస్ నెలని నమ్ముకోకండి. సంవత్సరం మొత్తాన్ని 12తో భాగించి "నెలకి ఇంత వస్తుంది" అనుకుంటే బాగానే కనిపిస్తుంది, కానీ పండుగ నెలా, కృతజ్ఞతార్పణల నెలా కలిసి ఆ సగటుని పైకి లేపేస్తాయి. నెలనెలా తప్పని ఖర్చులు (జీతం, అద్దె, కరెంటు, వాయిదాలు) మీ సంవత్సరంలో బాగా తక్కువ వచ్చిన మూడు నెలల స్థాయిలో ఇమడాలి. ఎక్కువ వచ్చిన నెలల్లో మిగిలింది నిల్వలోకి వెళ్లాలి. తప్పని ఖర్చులకి మూడు నెలలకి సరిపడా నిల్వ ఉంటే నిద్ర పడుతుంది. మీకు ఇప్పుడు ఒక్క నెలది లేదు కాబట్టి ముందు ఒక్క నెల మీద గురి పెట్టండి.

ఇంకో లెక్క కూడా చేయండి, ఇది మీ ఒక్కరి కోసమే. పేర్లు లేకుండా, కుటుంబాల కానుకల్ని పెద్ద నుంచి చిన్నకి వరసగా రాసి, పైనుంచి ఎన్ని కుటుంబాలు కలిస్తే సగం కానుకలు అవుతాయో చూడండి. పదిహేనో ఇరవయ్యో అయితే ఫర్వాలేదు. మూడే అయితే జాగ్రత్త, ఒక బదిలీ, ఒక ఉద్యోగం పోవడం, ఒక అలక చాలు సంఘం తలకిందులవడానికి. ఆ మూడు కుటుంబాల మాటే కమిటీలో చెల్లుతూ ఉంటుంది కూడా, అది ఇంకో తలనొప్పి.

రిపేర్ల సంగతి ఎవరూ బడ్జెట్‌లో పెట్టరు. పైకప్పు 20 ఏళ్లు ఉంటుందనుకుంటే, దాన్ని మార్చే ఖర్చులో 240వ వంతు ప్రతి నెలా అరిగిపోతున్నట్టే. ఆ వంతు ప్రతి నెలా పక్కన పెడితే ఇరవయ్యో ఏట డబ్బు కోసం "ప్రత్యేక విజ్ఞాపన" అక్కర్లేదు. జెనరేటరు, మైకులు, వాహనం, అన్నిటికీ ఇదే పద్ధతి. మొత్తం పెట్టలేకపోయినా సగం పెట్టండి.

అప్పు చేసి కొత్త మందిరం కట్టాలనే ఆలోచన మీ కమిటీలో ఉన్నట్టు మీ మాటల్లో తెలిసింది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని లూకా 14లో ప్రభువు అన్న మాట అందరూ కట్టడం ఖర్చుకే వాడతారు. కట్టాక ఏటేటా అయ్యే ఖర్చు ఎవరూ చూడరు. పెద్ద మందిరానికి పెద్ద కరెంటు బిల్లు, ఎక్కువ ఊడ్పు, ఎక్కువ రంగులు. నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటుంది: అప్పు తీసుకోకముందే, తీసుకున్నట్టు అనుకుని ఆ వాయిదా మొత్తాన్ని 12 నెలలు ప్రతి నెలా తప్పకుండా బిల్డింగ్ ఫండ్‌లో వేయండి. వేయగలిగితే అప్పు మోయగలరు, పైగా ఒక ఏడాది వాయిదాల డబ్బు చేతిలో ఉంటుంది. అయిదో నెలలో ఆగిపోతే దేవుడు ముందే చూపించాడనుకోండి. సంఘ సభ్యుల దగ్గర చేబదుళ్లు మాత్రం వద్దు. ఇచ్చినవాళ్లు వెనక్కి అడగలేరు, అడగలేక సంఘానికి రావడం మానేస్తారు.

కానుకలు పెరగడం గురించి అడిగారు కదా. ప్రతి నెలా ఒక్క పేజీ లెక్క చదవండి లేదా గోడకి పెట్టండి: ఏ నిధికి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, ఇంకా ఎంత బాకీ. వచ్చిన నెల బాగున్నా బాగోకపోయినా పెట్టండి, బాగోని నెల దాస్తే బాగున్న నెలని కూడా నమ్మరు. మా దగ్గర ఆ పైకప్పు పెద్దావిడకి నేను క్షమాపణ చెప్పి, సంఘం ముందు జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ మొత్తం మూడు నెలల్లో తిరిగి గడిలో వేసిన తర్వాత, పైకప్పుకి కవర్లు మామూలుకంటే ఎక్కువ రావడం మొదలైంది. నేను ప్రసంగం చేయలేదు, విజ్ఞాపన చేయలేదు.

చివరిగా ఆ పాత నోటుబుక్కు. మీ ముందున్నాయన దగ్గరకి ఒంటరిగా కాకుండా ఒక పెద్దని తీసుకుని వెళ్లండి, "నేను ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చూపించండి" అని అడగండి. బ్యాంకు నుంచి పోయిన 12 నెలల స్టేట్‌మెంట్లు తెచ్చుకుని నోటుబుక్కు పక్కన పెట్టి నెల నెలా చూసుకుంటూ రండి. తేడాలొస్తాయి, రాకపోతేనే ఆశ్చర్యం. చాలావరకు మర్చిపోయినవీ, రెండుసార్లు రాసినవీ అయి ఉంటాయి. తేలనివి తేలనివిగానే ఒక కాగితం మీద రాసి, "ఈ తేదీకి ఇంత తేడా, కారణం తెలియలేదు" అని కమిటీ ముందు పెట్టి అందరి సంతకాలు తీసుకోండి, అక్కడి నుంచి మీ పుస్తకం మొదలవుతుంది. అంకె సరిపోవడానికి మీ జేబులోంచి మాత్రం ఒక్క నోటు కూడా వేయకండి. కొత్త ట్రెజరర్లు గొడవెందుకులే అని ఆ పని చేస్తారు, నేనూ ఒకసారి చేశాను, ఆ తర్వాత అసలు తేడా ఎక్కడుందో దొరికినప్పుడు నేను వేసిన డబ్బుకి కారణం చెప్పలేక రెండు మీటింగులు తల దించుకుని కూర్చున్నాను.